కార్నివాల్ అంటే "మాంసమా, సెలవు" అనేనా?

అండీ, ఈస్టర్ ఉపవాసాలకు ముందు జరిగే సంబరాల పండుగ కార్నివాల్ పేరు గురించి మీ పాప ప్రాజెక్టులో "కార్నే వాలే, అంటే మాంసమా సెలవు" అని రాస్తే టీచర్ కొట్టేశారన్నారు కదా. టీచర్‌దే రైటు. వినడానికి ఎంతో బాగుంటుంది గానీ అది తర్వాత పుట్టిన వివరణ. పాత ఇటాలియన్ రూపం "కార్నెలెవారే": కార్నె అంటే మాంసం, లెవారే అంటే తీసేయడం. అదే వాడుకలో అరిగి కార్నెవాలే అయింది. ఈ పేరు ఓడ ఆకారపు బండి (లాటిన్‌లో "కార్రుస్ నవాలిస్") నుంచి వచ్చిందనే వాదనకు ఆధారాలు బలహీనం, వదిలేయండి.

తీసేయడం ఎందుకంటే, ఈస్టర్‌కు ముందు 40 రోజుల ఉపవాసాలు. మన క్యాథలిక్కులు తపస్సు కాలం అంటారు. మధ్యయుగాల్లో ఆ రోజుల్లో మాంసమే కాదు, చాలాచోట్ల గుడ్లు, వెన్న కూడా నిషిద్ధం. అందుకే ఆ ఉపవాసాలు మొదలయ్యే విభూతి బుధవారానికి ముందే ఇంట్లో ఉన్నవన్నీ వండుకుని సంబరాలు చేసుకునేవారు. ఫ్రెంచివాళ్ల "మార్డీ గ్రా" అంటే కొవ్వు మంగళవారమే.

ఇక తేదీ ఏటా ఎందుకు మారుతుందన్నారు. ఈస్టర్ పౌర్ణమిని బట్టి వస్తుంది, దాంతోపాటే కార్నివాల్ తేదీ కూడా మారుతుంది. ఆ మంగళవారం 2024లో ఫిబ్రవరి 13, 2025లో మార్చి 4. పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిన గోవా కార్నివాల్‌లో పణజి ఊరేగింపు దానికి ముందు శనివారం, ఉత్సవానికి రాజు వేషం కట్టే కింగ్ మోమోతో. కొంకణిలో ఆ పండుగ పేరు "ఇంత్రూజ్". ఉపవాస కాలంలోకి ప్రవేశం అని దాని మూలార్థం. పాప చేత ఇది తప్పకుండా రాయించండి.