బ్రూనో ‘శోధకుడా’, ‘అన్వేషా’?

సందేహం: మాస్టారూ, పదహారో శతాబ్దపు ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనోని చంపిన రోజు ఫిబ్రవరి 17న ఆయన్ని తల్చుకుంటూ ఓ చిన్న వ్యాసం రాశాను. ‘సత్యశోధకుడు’ అన్నాను, మా ఫ్రెండ్ ‘సత్యాన్వేషి’ అనాలంటున్నాడు. ఏది కరెక్ట్?

సమాధానం: రెండూ తప్పు కాదమ్మా. ‘సత్యశోధక్’ అని 1873లోనే ఫూలే పుణేలో సమాజానికి పేరు పెట్టుకున్నారు, ఆ మాటకి ఆ గౌరవం ఉంది. కానీ బ్రూనో దగ్గర మాత్రం నాకు మనసొప్పదు, ఎందుకో చెప్తాను.

శోధనకి మూలం ‘శుధ్’, శుభ్రం చెయ్యడం. వైద్యులు గంధకాన్ని పాలల్లో వేసి శోధన చేస్తారు, కంసాలి బంగారాన్ని పుటం పెట్టి మలినం తీస్తాడు, పోలీసులు ఇంట్లో చేసే ‘సోదా’ కూడా దీని చుట్టమే. బైబిల్ తెలుగులో ‘మమ్మును శోధనలోకి తేక’ అంటే పరీక్ష. అంటే శోధన చేసేవాడి చేతిలో నిప్పు ఉంటుంది, అవతలివాడు అందులో ఉంటాడు! బ్రూనోని విచారించిన రోమ్ చర్చి మతసభ ‘ఇంక్విజిషన్’, ఆ పేరుకి లాటిన్‌లో అర్థం కూడా వెతకడం, ఆరా తియ్యడమే. 1592లో వెనిస్‌లో పట్టుకుని, మరుసటి ఏడాది రోమ్‌కి తీసుకెళ్లి, ఏళ్ల తరబడి ఆయన రాతల్ని ఆరా తీసినవాళ్లే శోధకులు. శుద్ధి చేస్తున్నామనే వాళ్ల నమ్మకం కూడా.

‘అన్వేషణ’ వేరు. అను అంటే వెంట, ‘ఇష్’ అంటే కోరడం, వెతకడం. కావాల్సినదాని వెంటపడి పోవడం. బ్రూనో 1576లో నేపుల్స్ మఠం వదిలాక జెనీవా, పారిస్, లండన్, ప్రాగ్, ఫ్రాంక్‌ఫర్ట్, ఎక్కడా కాలు నిలవకుండా తిరిగాడు, నక్షత్రాలన్నీ సూర్యుళ్లే, వాటి చుట్టూ లోకాలుంటాయి, విశ్వానికి అంచు లేదు అని 1584లో పుస్తకాలే రాశాడు. మతసిద్ధాంతాల మీద కూడా ఆయనకి అనుమానాలున్నాయి, అభియోగాల్లో అవీ ఉన్నాయి. ఇలా వెంటపడి తిరిగినవాడు అన్వేషే అనిపిస్తుంది నాకు. మీరు మాత్రం మీ మాటే ఉంచుకున్నా నేను తప్పు పట్టను.

ఇలా మతాన్ని కాదన్నవాడికి ‘పాషండుడు’ మన పాత మాట, ఇక్కడ ‘మతధిక్కారి’ చాలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. మీ వ్యాసంలో ‘దహనం చేయబడ్డాడు’ అన్నారు. పేపర్ల వాళ్లు నేర్పిన ఈ ‘బడ్డాడు’ ఎందుకమ్మా, చేసినవాళ్లు మాయమైపోతున్నారు. మతసభ శిక్ష ఖాయం చేసి రోమ్ గవర్నర్‌కి అప్పగించింది, 1600లో కాంపో దె ఫియోరి అనే కూడలిలో నోరు కట్టేసి బతికుండగానే తగలబెట్టారు. అదే చోట 1889లో విగ్రహం పెట్టారు. ‘తగలబెట్టారు’ అనే రాయండి.