ఇసుక మూటలు రేకుల్ని ఆపవు

బరంపురం నుంచి అడిగిన తమ్ముడు గారూ, మూటలు పెట్టినా రేకులు లేచిపోయాయన్నారు. తుపాను గాలి కప్పు మీదుగా దూసుకుపోతూ రేకును పైకి పీకుతుంది. తలుపు ఊడిందంటే లోపల చేరిన గాలి కింది నుంచీ తోస్తుంది. ముందు పోయేవి చూరు, మూలలు. అక్కడ రేకు అలల్లో మిట్ట విడిచి మిట్టకు రబ్బరు వాషరుతో జె హుక్కు, అంటే రేకును కింది పైపుకు పట్టి ఉంచే వంకీ బోల్టు, వేయించండి. పల్లంలో వేస్తే నీళ్లు కారతాయి. హుక్కు పట్టిన పైపును గోడ మీది కాంక్రీటు బెల్టుకు ఇనుప పట్టీతో బిగించాలి, లేకుంటే రేకూ పైపూ కలిసే ఎగిరిపోతాయి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది వచ్చి, దాని కన్ను, అంటే నడిమి భాగం, మీ ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి ఆగుతుంది. దయచేసి అప్పుడు బయటికి రాకండి, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. హెచ్చరిక వచ్చేసరికి ఈ పని కాకపోతే పైకెక్కకండి, ఇంటిల్లిపాదీ షెల్టరుకు వెళ్లిపోండి.