రాజమహేంద్రవరంలో దిగి కారు అద్దెకు తీసుకునేవారికి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు నుంచి విమానంలో రాజమహేంద్రవరం వచ్చి, మధురపూడి విమానాశ్రయం దగ్గరే కారు తీసుకుని మారేడుమిల్లి, కోనసీమ, అంతర్వేది చూడాలనుకుంటున్నాము. మా వారు, నేను, డెబ్బై దాటిన అత్తమామలు, అమెరికా నుంచి వస్తున్న మా మరిది, మొత్తం ఐదుగురం. మరిది తానే నడుపుతానంటున్నాడు. తెలిసినవారి ద్వారా ఒకాయన తన సొంత కారును డ్రైవరు లేకుండా అద్దెకు ఇస్తానన్నారు. ట్రావెల్స్ వారు చెప్పిన ధరకంటే చాలా తక్కువ. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తీసుకోవద్దు. ధర ఎంత తక్కువైనా సరే, ముందుగా ఆ కారు నంబరు ప్లేటు రంగు చూడండి. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి నమోదైన బండి. డ్రైవరుతో సహా అద్దెకు తిరిగే ట్యాక్సీకి పసుపు పలక మీద నల్ల అక్షరాలు, మనమే నడుపుకోవడానికి చట్టబద్ధంగా ఇచ్చే బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. ఈ మూడో రకం బండ్లు నడిపే సంస్థలకు 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకం కింద లైసెన్సు కావాలి, అందుకు కనీసం 50 కార్లు ఉండాలన్న నియమం ఉంది. ఒకటి రెండు కార్లున్న మనిషి చేతిమీదుగా ఇచ్చే అద్దె ఈ పథకంలోకి రాదు.

ఇది కేవలం పోలీసు తనిఖీకి సంబంధించిన సంగతైతే నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. సొంత కారుకు తీసుకునే బీమా పాలసీలో, బండిని కిరాయికి వాడితే వర్తించదన్న షరతు సాధారణంగా ఉంటుంది. ఘాట్ రోడ్డు మలుపులో బండి గుద్దుకున్నా, ఎవరికైనా గాయమైనా, కిరాయి సంగతి బయటపడితే కారుకు జరిగిన నష్టాన్ని చెల్లించబోమని బీమా కంపెనీ అనవచ్చు. ఎదుటివారికి ఇచ్చిన పరిహారాన్ని కూడా తరువాత యజమాని నుంచి రాబట్టుకునే ప్రయత్నం చేయవచ్చు. అప్పుడు ఆయన మీ వైపు చూస్తాడు. స్నేహం మీద ఇచ్చిన బండి కనుక మీ చేతిలో ఒప్పంద పత్రం కూడా ఉండదు. పైగా, పర్మిట్ లేకుండా బండిని కిరాయికి తిప్పితే 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలో రూ.10,000 జరిమానా ఉంది. ఏ బండి తీసుకున్నా దాని నంబరును ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి, ఏ తరగతి కింద నమోదైందో, బీమా, ఫిట్‌నెస్ గడువులు ఎప్పటివరకు ఉన్నాయో బయానా ఇవ్వకముందే చూసుకోండి.

మీ మరిది గారి విషయానికి వస్తే, ఆయన దగ్గర గడువు తీరని భారతీయ లైసెన్సు ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే అమెరికాలో బయలుదేరేముందే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, అక్కడి అసలు లైసెన్సుతో కలిపి వెంట ఉంచుకోవాలి. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే ఆ పర్మిట్ ఏడాదిపాటు చెల్లుతుంది. అయితే కుడివైపు నడపడానికి, గేర్లు మార్చనక్కరలేని కారుకు అలవాటుపడిన మనిషిని, వచ్చిన మర్నాడే మారేడుమిల్లి ఘాట్‌లో అత్తమామలను కూర్చోబెట్టుకుని నడపమనడం నాకు ఇష్టం లేదు. అడవి దారిలో మలుపులు వరుసగా వస్తాయి, పుష్యమాసంలో తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది, చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు.

అందుచేత మీరు డ్రైవరుతో సహా ట్యాక్సీ మాట్లాడుకోవాలని నా సలహా. డ్రైవరుతో కలిపి ఆరుగురవుతారు కనుక ఏడు సీట్ల బండి అడగండి, వెనుక వరుస లేపితే సామాను ఎక్కడ పెడతారో కూడా ఆలోచించండి. పండుగ రోజుల్లో గోదావరి జిల్లాలకు వచ్చేవారందరికీ కార్లు కావాలి కాబట్టి, దిగాక వెతుక్కోవచ్చులే అనుకోకుండా వారాల ముందే ఖాయం చేసుకోవాలి. మాట్లాడేటప్పుడు కిలోమీటరు ధర ఒక్కటే అడిగితే చాలదు. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, మీటరు విమానాశ్రయం నుంచి మొదలవుతుందా లేక షెడ్డు నుంచా, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి బస ఎవరిది, టోల్ గేటు డబ్బు ధరలో కలిసిందా, ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. మారేడుమిల్లి నుంచి చింతూరు మీదుగా భద్రాచలం కూడా వెళ్లాలనిపిస్తే అది తెలంగాణ కనుక, బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో ముందే అడగాలి.

మారేడుమిల్లిని మొదట పెట్టుకోండి. మధురపూడి విమానాశ్రయం రాజమహేంద్రవరానికి ఉత్తరాన ఉంది కాబట్టి నగరంలోకి దిగకుండానే కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్లిపోవచ్చు. ట్యాంకు గోకవరంలోనో రంపచోడవరంలోనో నింపించండి. చీకటి పడేలోపు బసకు చేరాలని డ్రైవరుకు ముందే చెప్పండి. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండకు మాత్రం అద్దె కారును ఎక్కించవద్దు. అక్కడికి స్థానికుల జీపులు ఉన్నాయి, కానీ ఆ కుదుపులు మీ అత్తమామలకు పడవు.

కోనసీమకు జొన్నాడ దగ్గర గౌతమి (గోదావరి పాయ) వంతెన దాటి రావులపాలెం మీదుగా దిగుతారు. కాలువ గట్ల మీద రోడ్లు ఇరుకు, కానీ చదును. మరిది గారి సరదా తీర్చాలంటే, నల్ల పలక కారు చట్టబద్ధంగా దొరికితే ఈ భాగానికి తీసుకోవచ్చు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం జరుగుతుంది. అమలాపురం పరిసరాల్లో ఆ రోజు ప్రభలు, అంటే దేవుడి పేరిట అలంకరించి మోసుకెళ్లే ఎత్తైన చట్రాలు, రోడ్ల మీదుగా, పొలాల మీదుగా సాగుతాయి. చూడాలంటే బండిని దూరంగా నిలిపి నడిచి వెళ్లండి. ఆ రోజు సాయంత్రం విమానం మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: నరసాపురం నుంచి అంతర్వేదికి అద్దె కారును పంటు మీద దాటించవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (బండ్లను ఎక్కించుకునే పెద్ద పడవ) మీద కార్లు వశిష్ఠ గోదావరి పాయ దాటడం మామూలే. కానీ అద్దె ఒప్పందంలో బండిని పడవ ఎక్కించకూడదన్న షరతు ఉందేమో చదవండి, లేకపోయినా యజమాని అనుమతిని రాతలో తీసుకోండి. అనుమతి ఇవ్వకపోతే పాలకొల్లు వెళ్లి చించినాడ వంతెన మీదుగా రాజోలు, మలికిపురం చేరి అంతర్వేదికి రావచ్చు. చుట్టుదారే అయినా, వరద రోజుల్లో పంటు నిలిచిపోయినప్పుడు ఎలాగూ ఆ దారే దిక్కు.