కల్వర్టు మీద అదే గుంత మళ్లీ మళ్లీ ఎందుకు పడుతోంది?

ప్రశ్న: మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి వెళ్లే దారిలో పైపుల కల్వర్టు ఉంది. ప్రతి వానాకాలం దాని అంచున ఒకే చోట గుంత పడుతుంది. పంచాయతీ వాళ్లు ట్రాక్టరుతో మొరం తెచ్చి పూడుస్తారు, రెండు వానలకి మళ్లీ కుంగుతుంది. స్కూలు బస్సు, వడ్ల లారీలు అన్నీ ఇటే. టెన్షన్ పడాల్సిన విషయమేనా? ఎవరికి చెప్పాలి?
- ఓ పాఠకుడు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: పడాల్సిందేనండీ. ఒకే చోట కుంగుతోందంటే కింద మట్టి ఎటో పోతున్నట్టే. పైపుల అతుకుల దగ్గర సిమెంటు ఊడితే వాన పడ్డప్పుడల్లా ఆ సందులోంచి కట్ట మట్టి పైపులోకి జారి నీళ్లతో కొట్టుకుపోతుంది, లేదంటే పైపు పక్కనుంచే నీళ్లు బుంగ పెట్టుకుంటాయి. పైన తారు మాత్రం కొన్నాళ్లు అలాగే నిలబడి ఉంటుంది, కింద అంతా బోలు. మీరెన్ని ట్రాక్టర్ల మొరం పోసినా అది వాగుపాలే.

అందుకని రోడ్డు మీద నిలబడి చూసి లాభం లేదు. ఎండాకాలంలో నీళ్లు లేనప్పుడు దిగువ వైపుకి దిగండి, చేతిలో కర్ర ఉంచుకోండి, పాములు అక్కడే ఉంటాయి. పైపులోంచి నీళ్లు వేగంగా దూకే చోటు అది, చాలా కల్వర్టులు చెడడం మొదలయ్యేదీ అక్కడే. రాతి పరుపు (నీళ్లు దూకే చోట నేల కోసుకుపోకుండా పరిచిన రాళ్లు) చివర గొయ్యి పడిందా చూడండి. పునాది అంచు కింద కర్రతో పొడిస్తే సులువుగా లోపలికి దూరిపోయిందనుకోండి, ఆ పునాది గాల్లో ఉందన్నమాట. పక్కల రెక్క గోడ కట్ట నుంచి విడిపోయి బయటికి వాలిందా అన్నది కూడా చూసుకోండి. తర్వాత టార్చి వేసి పైపులోకి చూడండి (లోపలికి మాత్రం దూరకండి): అతుకు కింద మట్టి కుప్ప కనిపిస్తే మీ గుంతకి కారణం దొరికినట్టే.

ఎగువ వైపు సంగతి ఊరివాళ్ల చేతిలోనే ఉంది. తుమ్మకంప, ప్లాస్టిక్, పూడిక అడ్డం పడితే నీళ్లు రోడ్డెక్కి అవతలి వాలుని కోసేస్తాయి. కొందరు రైతులు పొలానికి నీళ్లు మళ్లించడానికి పైపు నోటికి ఇసుక బస్తాలు పెట్టి, తీయడం మర్చిపోతారు. జూన్ రాకముందే శుభ్రం చేయించండి.

అసలు రిపేరంటే పైపు దాకా తవ్వి, అతుకులు మళ్లీ చేసి, రెండు పక్కలా సమానంగా, పలుచని పొరలుగా మట్టి వేసి తడుపుతూ దిమ్మిస కొట్టడం. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మందాన మట్టి లేకపోతే లారీ బరువంతా పైపే మోయాలి. అంతవరకు లారీలూ బస్సూ ఆపించండి. పిల్లల్ని దింపి ఖాళీ బస్సు దాటిస్తుంటారు కొన్నిచోట్ల, మరి డ్రైవర్ మనిషి కాదా?

ఎగువన చెరువుంటే ఇంకా జాగ్రత్త. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి వచ్చిన వరదకి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు.

ఎవరికి చెప్పాలంటే, ముందు రోడ్డు ఎవరిదో చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బోర్డు ఉంటే పని పూర్తయ్యాక 5 ఏళ్లు మెయింటెనెన్స్ కాంట్రాక్టరుదే, ‘మేరీ సడక్’ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. లేదంటే పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు), ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డయితే వాళ్లకి, కాలువ మీద వంతెనయితే ఇరిగేషన్ వాళ్లకి కాగితం రాసిచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గొయ్యి పక్కన కర్ర నిలబెట్టి ఫొటో తీస్తే లోతు తెలుస్తుంది.

ప్రశ్న: కాజ్‌వే (వరదొస్తే పైనుంచి నీళ్లు పారే లోలెవెల్ వంతెన) మీద మోకాలి లోతు నీళ్లుంటే ట్రాక్టర్‌తో దాటొచ్చా?
- ఓ పాఠకురాలు, ఏలూరు జిల్లా

జవాబు: వద్దమ్మా. 30 సెంటీమీటర్ల నీళ్లకే చిన్న కార్లు తేలిపోతాయి. ట్రాక్టర్ బరువు కదా అంటారు, కానీ ఆ బురదనీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి కనిపించదు. వరద తగ్గాక కూడా అంచులు చూసుకున్నాకే బండి ఎక్కించండి.