టెక్ సందేహాలు: హెడ్‌ఫోన్ కొన్నాను, ఆంప్‌కి ఎంత పెట్టాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి): సెన్‌హైజర్ హెచ్‌డీ 650 కొన్నాను. ల్యాప్‌టాప్‌కి నేరుగా పెట్టుకుని రాత్రిళ్లు కర్ణాటక కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. వాల్యూం 80 దాటిస్తే గానీ తృప్తిగా ఉండట్లేదు. డాక్, ఆంప్ విడివిడిగా కనీసం 60 వేలు పెట్టి కొనకపోతే ఈ హెడ్‌ఫోన్ దండగ అని మా ఫ్రెండ్ అంటున్నాడు. డబ్బు దాచిపెట్టాను, ఏవి కొనమంటారు?

ముందు ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీ ఫ్రెండ్ మాట పూర్తిగా తప్పు కాదు, ఆ హెడ్‌ఫోన్‌కి ల్యాప్‌టాప్ కన్నా గట్టి ఆంప్ ఉంటే మంచిదే. కానీ 60 వేలు అన్న అంకె ఎలా వచ్చిందో ఓసారి అడిగి చూడండి, నీళ్లు నములుతాడు. లెక్క మాత్రం ఉంది, ఎనిమిదో తరగతి లెక్కే, చేసి చూద్దాం.

ఫైల్లో ఉన్న అంకెల్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది డాక్. ఆ సిగ్నల్‌కి హెడ్‌ఫోన్‌ని కదిలించేంత బలం ఇచ్చేది ఆంప్. ఈ రెండూ మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్నాయి, ఇయర్‌ఫోన్‌ని ఫోన్‌కి కలిపే వేలెడంత డాంగిల్లోనూ ఉంటాయి. అందుకని చూడాల్సిందల్లా ఉన్నదాంట్లో ఏం చాలట్లేదన్నదే.

హెచ్‌డీ 650 ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది చూపే నిరోధం, 300 ఓమ్‌లు. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెళ్ల శబ్దం చేస్తుందని కంపెనీ లెక్క. మామూలు ల్యాప్‌టాప్ జాక్ కాస్త అటూ ఇటూగా ఆ ఒక్క వోల్టే ఇస్తుంది. అయితే ఆ 103 వచ్చేది ఫుల్ వాల్యూంలో, పాటలో అన్నిటికన్నా పెద్ద శబ్దం వచ్చిన ఆ ఒక్క క్షణంలో. కచేరీ రికార్డింగుల్లో తనియావర్తనం దగ్గర మృదంగం దెబ్బకీ, అంతకుముందు నెమ్మదిగా సాగిన ఆలాపనకీ మధ్య 20 డెసిబెళ్లకు పైనే తేడా ఉండొచ్చు. అంటే ఆలాపన మీకు 80 డెసిబెళ్ల దగ్గరే వినిపిస్తుంది, అదీ వాల్యూం మొత్తం పెడితేనే. మీరు వాల్యూంని 80 దాటించాల్సి రావడంలో వింతేమీ లేదు, హెడ్‌ఫోన్‌లో లోపమూ లేదు.

ఇప్పుడు కొంచెం ఖాళీ ఉంచుకుందాం, మృదంగం దెబ్బ 110 దాకా వెళ్లినా పగలకూడదు అనుకుందాం. ఇంకో 7 డెసిబెళ్లు కావాలి, దానికి 2.24 వోల్టులు చాలు. పవర్‌లో చెబితే 17 మిల్లీవాట్లు! ఇంకా ఉదారంగా 115 అనుకున్నా 4 వోల్టులు, 53 మిల్లీవాట్లు. అంతే. డబ్బాల మీద 2,000 మిల్లీవాట్లు, 6 వాట్లు అని రాసి అమ్ముతుంటే మీకు కావాల్సింది ఇంత. (చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా: పెద్దవాళ్లకు 80 డెసిబెళ్లయితే వారానికి 40 గంటల దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, 90 అయితే ఆ 40 గంటలు కాస్తా 4 అవుతాయి. ఆంప్ వచ్చాక చాలామందికి వాల్యూం చెయ్యి ఆగదు.)

సరే, వోల్టులు ఇచ్చేదేదో కొంటాం, మరి డాక్‌లో నాణ్యత? ఇక్కడే జేబులు ఖాళీ అయ్యేది. సీడీలో ఉండే 16 బిట్లతో దాదాపు 96 డెసిబెళ్ల డైనమిక్ రేంజ్ వస్తుంది, అంటే అతి సన్నని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం అంత. ఇవాళ పది వేల లోపు డాక్‌లు కూడా దాన్ని దాటేశాయి. పైగా మీది ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్, వెనక జాలీ ఉంటుంది, బయటి శబ్దం హాయిగా లోపలికి వస్తుంది. ఐదో నంబరు మీద సీలింగ్ ఫ్యాన్ పెట్టుకుని, 115 డెసిబెళ్ల రేంజ్ వచ్చే డాక్‌కీ 120 వచ్చే డాక్‌కీ తేడా వింటున్నామంటే ఆ తేడాని ఫ్యాన్ ఎప్పుడో మింగేసి ఉంటుంది.

డాక్ లోపలి చిప్ ఏ కంపెనీదో చూసి కొనేవాళ్లు ఇంకో రకం. ఈఎస్ఎస్ అయితే గరుకు, ఏకేఎం అయితే వెల్వెట్ అని. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం ఫ్యాక్టరీ కాలిపోయింది, చిప్‌లు దొరక్క చాలా కంపెనీలు అవే మోడళ్లలో వేరే చిప్‌లు వేసుకోవాల్సి వచ్చింది. చిప్ చుట్టూ ఉన్న సర్క్యూట్, పవర్ సప్లై సరిగ్గా చేస్తే ఏ చిప్ అయినా ఒకటే పాట పాడుతుంది.

నేను చెబితే నమ్మక్కర్లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. కొన్నాళ్ల క్రితం ఒక మిత్రుడు తన ఖరీదైన డాక్ తెచ్చి నా చవక దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే ఆంప్‌కి కలిపి ముందు ఊరికే విన్నాం, ఆయనదే బాగుంది, నేనూ ఒప్పుకున్నా, వీణ మీద గమకం ఇంకా నిండుగా ఉందనిపించింది. తర్వాత మల్టీమీటర్ తీసి టెస్ట్ టోన్ పెట్టి ఆంప్ అవుట్‌పుట్ కొలిస్తే ఆయన డాక్ నుంచి వోల్టేజీ కొంచెం ఎక్కువ వస్తోంది, ఒక డెసిబెల్ లోపే. అంత చిన్న తేడాని చెవి "శబ్దం పెరిగింది" అని గుర్తించదు, "బాగుంది" అని చెబుతుంది. వాల్యూంలు సమానం చేసి, మా అబ్బాయిని సోఫా వెనక కూర్చోబెట్టి చెప్పకుండా మార్చమంటే ఇద్దరం చెరో పదిసార్లు చెప్పాం. నాకు ఐదు కరెక్టు, ఆయనకు నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. మిత్రుడు టీ కూడా తాగకుండా వెళ్లాడు.

ఆంప్‌లో మాత్రం ఒకటి నిజంగా చూడాలి, అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆంప్ సొంత నిరోధం. ఇది హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా తక్కువ ఉండాలన్న లెక్కని బాగా ప్రచారం చేసింది ఎన్‌డబ్ల్యూ ఏవీగై అన్న మారుపేరుతో రాసిన ఒక ఇంజినీరు. 2011లో ఓటూ అనే ఆంప్ డిజైన్‌ని ఎవరైనా చేసుకోండని ఊరికే ఇచ్చేశాడు, ఖరీదైన ఆంప్‌లు కొన్నవాళ్లందరితో తగాదా పెట్టుకున్నాడు, మరుసటేడాది నుంచి మాట లేదు పలుకు లేదు. అసలు పేరు కూడా చెప్పకుండానే వెళ్లిపోయాడు. మీ 300 ఓమ్‌లకి ఎనిమిదో వంతు అంటే 37 పైచిలుకు, ఇప్పుడొచ్చే మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌లలో ఇది ఒకటీ రెండు ఓమ్‌లు దాటదు కాబట్టి మీకు బెంగ లేదు. ట్యూబ్ ఆంప్‌లలోనే కొన్నింటికి 100 ఓమ్‌ల దాకా ఉంటుంది. మీ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ బేస్ దగ్గర 500 చేరుతుంది కాబట్టి అలాంటి ఆంప్‌తో బేస్ సుమారు ఒక డెసిబెల్ లేస్తుంది. "ట్యూబ్ వెచ్చదనం" అని కవిత్వం చెప్పే దాంట్లో కొంత భాగం ఇదే. నచ్చితే తప్పు లేదు, నాకూ నచ్చుతుంది, కానీ అదే ఒక డెసిబెల్ సాఫ్ట్‌వేర్ ఈక్వలైజర్లో ఫ్రీగా వస్తుంది.

కాబట్టి: ల్యాప్‌టాప్‌కే వాడతానంటే 2 వోల్టులు ఇచ్చే డాంగిల్‌తో మొదలుపెట్టండి, మూన్‌డ్రాప్ డాన్ ప్రో లాంటిది, 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ కేబుల్ (రెండు చెవులకీ విడివిడిగా తీగల జత ఉండేది) వేసుకుంటే అందులోంచే 4 వోల్టులు వస్తాయి. బల్ల మీద గుండ్రంగా తిప్పే నాబ్ ఉండాలన్న సరదా ఉంటే (ఉంటుంది, నాకు తెలుసు) ఫియో కే7 లాంటి డాక్ ఆంప్ కలిసి ఉన్న ఒకే పెట్టె తీసుకోండి, మీ బడ్జెట్‌లో సగం కూడా అవ్వదు. గెయిన్ స్విచ్‌ని (సిగ్నల్‌ని ఆంప్ ఎంత పెంచాలో చెప్పేది) "లో" (తక్కువ) మీద పెట్టి చూసి, చాలకపోతేనే "హై". మిగిలిన డబ్బులో కొంచెం ఇయర్ ప్యాడ్‌ల కోసం పక్కన పెట్టండి, మన చెమటకి ఏడాదిన్నరకే అణిగిపోతాయి, ప్యాడ్ అణిగితే సౌండ్ మారుతుంది, ఆ తేడా ఏ డాక్ మార్చినా రానంత ఉంటుంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఆటోఈక్యూ సైట్‌లోంచి మీ మోడల్ సెట్టింగ్ తెచ్చి అందులో లోడ్ చేసి వినండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ప్రశ్న (విజయవాడ నుంచి): హైఫైమాన్ సుందర 37 ఓమ్‌లే కదా, ఫోన్‌కి తేలిగ్గా నడుస్తుందని కొన్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌కి యాపిల్ డాంగిల్ పెడితే సౌండ్ బాగా తక్కువ వస్తోంది. డాంగిల్ పోయిందా?

డాంగిల్ పోలేదు. దాని లోపల సొంత వాల్యూం ఒకటి ఉంటుంది. ఐఫోన్ దాన్ని పూర్తిగా తెరుస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాని జోలికి పోకుండా తమ సాఫ్ట్‌వేర్ వాల్యూం మాత్రమే పెంచుతాయి. దాంతో ఒక వోల్టు రావాల్సిన చోట సగమే వస్తుంది, 6 డెసిబెళ్లు గోవిందా. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో యాప్ ఆ లోపలి వాల్యూంని తెరవగలదు, కానీ స్ట్రీమింగ్ యాప్‌లన్నిటికీ అది పనికిరాదు. ఇంకో మెలిక, యూరప్‌లో అమ్మే యాపిల్ డాంగిల్ పుట్టుకతోనే అర వోల్టుది. ఎవరైనా అక్కడి నుంచి తెచ్చిచ్చి ఉంటే ఏ యాపూ ఏమీ చేయలేదు. ఆండ్రాయిడ్‌కి వేరే డాంగిల్ కొనుక్కోవడమే సుఖం.

ఇక ఓమ్‌లు తక్కువైతే తేలిగ్గా నడుస్తుందన్న మాట. ఇది మన అపార్ట్‌మెంట్ నీళ్ల లాంటి వ్యవహారం. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ సన్న పైపు, ట్యాంకు ఎత్తులో ఉండాలి, అదే వోల్టేజీ. మీ సుందర లాంటి ప్లానార్ హెడ్‌ఫోన్ (లోపల పల్చటి పొర కదిలే రకం) లావు పైపు, ఎత్తు తక్కువైనా ఫర్వాలేదు గానీ నీళ్లు ధారాళంగా రావాలి, అదే కరెంటు. పైపు లావొక్కటే చూస్తే సరిపోదు, సెన్సిటివిటీ కూడా చూడాలి, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెళ్ల శబ్దం చేస్తుందన్నది. మీ సుందరది 94, అంటే 110 డెసిబెళ్లకి దాదాపు 40 మిల్లీవాట్లు, మంచి డాంగిల్ లాగేస్తుంది. అదే కంపెనీ పాత మోడల్ హెచ్‌ఈ6 ఉంది, ఓమ్‌లు 50, కానీ సెన్సిటివిటీ 83.5. అదే 110కి దానికి 450 మిల్లీవాట్లు కావాలి. పైన హన్మకొండ వారి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 17 చాలు అన్నాం కదా, గుర్తుందా?

ప్రశ్న (కాకినాడ నుంచి): మా బావగారు టెక్సాస్ నుంచి వస్తూ ఒక అమెరికన్ బ్రాండ్ డెస్క్‌టాప్ ఆంప్ తెస్తానంటున్నారు. ఇక్కడ పని చేస్తుందా?

ఆంప్ పని చేస్తుంది, అడాప్టర్‌తోనే ప్రమాదం. బావగారిని పెట్టె సర్దకముందే అడాప్టర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్ పిన్ మార్చుకుంటే చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్ అని మాత్రమే ఉండి, అడాప్టర్ ఇటుకలా బరువుగా ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రకం, మన 230లో పెట్టకండి. నేను ఒకసారి లేబుల్ చదవకుండా పెట్టాను. ముందు చిన్నగా గుర్ర్ మంది, తర్వాత కాలిన వార్నిష్ వాసన, రెండు రోజులు గది కిటికీలు తెరిచే ఉంచాం. ఆ ఆంప్‌లలో కొన్నింటికి అడాప్టర్ నుంచి వచ్చే అవుట్‌పుట్ కూడా ఏసీయే ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఉన్న రౌటర్ డీసీ అడాప్టర్ పిన్ సరిపోయింది కదా అని దూర్చకండి. కంపెనీ నుంచే 230 వోల్టుల అడాప్టర్ విడిగా తెప్పించుకోవడం మేలు, అది కుదరకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి.

పెట్టాక జుమ్మని మోత వస్తే ఆంప్‌ని తిట్టకుండా ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిందా, అయితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టులా మారడం. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, ఆ బోర్డు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన ఇళ్లలో మూడో రంధ్రం చాలాసార్లు అలంకారమే.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): 768 కిలోహెర్ట్‌జ్, 32 బిట్, ఎంక్యూఏ సపోర్ట్ ఉన్న డాక్ ఇంకో నాలుగు వేలు ఎక్కువ. పెట్టొచ్చా?

వద్దు. ఈ కిలోహెర్ట్‌జ్ అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలిచారన్న వేగం. సీడీది 44.1 కిలోహెర్ట్‌జ్, అందులోనే 22 కిలోహెర్ట్‌జ్ దాకా శబ్దం పడుతుంది, నలభై దాటినవాళ్లకి 15 వినిపిస్తేనే గొప్ప. ఎంక్యూఏ అన్నది ఒక ఆడియో ఫార్మాట్, దాన్ని పెద్ద ఎత్తున వాడిన స్ట్రీమింగ్ కంపెనీ టైడల్ కూడా 2024 జులైలో దాన్ని వదిలేసింది.

ప్రశ్న (అనంతపురం నుంచి): ఐఈఎం ఇయర్‌ఫోన్స్‌కి పెద్ద ఆంప్ కొన్నాను. పాట లేనప్పుడు కూడా స్స్ అని వినిపిస్తోంది. పాడైందా?

పాడవలేదు, పెద్దదైంది. ఐఈఎంలు (చెవి రంధ్రంలోకి దూర్చుకునేవి) చాలా సెన్సిటివ్, ఆంప్ సొంత రొద కూడా వాటికి వినిపిస్తుంది. గెయిన్ స్విచ్‌ని "లో" మీద పెట్టండి. వాల్యూం నాబ్‌ని మొదట్లోనే ఆపాల్సి వస్తుంటే ఎడమ, కుడి శబ్దం కూడా సమానంగా ఉండకపోవచ్చు, అనలాగ్ నాబ్‌లతో ఆ కొసన అది మామూలే. ల్యాప్‌టాప్ వాల్యూం తగ్గించి నాబ్‌ని కొంచెం పైకి తెచ్చుకుంటే ఇది సర్దుకుంటుంది, స్స్ మాత్రం పోదు. అదీ భరించలేకపోతే రిటర్న్ గడువు ఉండగానే వెనక్కిచ్చి మామూలు డాంగిల్ తీసుకోండి.