కేంద్ర బడ్జెట్‌లో కోత పెడితే రాష్ట్రంలో నడిచే పథకం ఆగిపోతుందా?

వెంటనే ఆగదండీ, కానీ నీరసపడుతుంది. స్కూళ్ళలో మధ్యాహ్న భోజనం లాంటివి నడిపేది రాష్ట్రమే అయినా ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలి, కొన్నిటికి సగం సగం. ఆ 60 కూడా కేంద్రం పెట్టిన రేటు మీదే. వంట చేసేవాళ్ళకి నెలకి 1000 అని 2009లో పెట్టారు, అందులో కేంద్రం ఇచ్చేది 600, మన రెండు రాష్ట్రాల్లో 3000 చేశారు కాబట్టి మిగతాదంతా రాష్ట్రం జేబులోంచే.

ఇంకోటి, ఫిబ్రవరిలో చెప్పే అంకె చూసి సంబరపడొద్దు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కి 2024-25లో 70 వేల కోట్లకి అటూఇటూగా చూపించి, సవరించిన అంచనాల్లో 22,694 కోట్లకి దించేశారు. అలా జరిగినప్పుడు రాష్ట్రం సొంత డబ్బులు పెట్టాలి, లేదా కాంట్రాక్టర్ బిల్లులు పెండింగ్‌లో పడి పైపులు రోడ్డు పక్కనే ఉంటాయి, ఎక్కువగా జరిగేది రెండోదే.

కేంద్రం పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం వాటా వస్తుంది కదా అంటారా, పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఆ లెక్కలోకి రావు, అసలు తిరకాసు అక్కడే ఉంది.