గాయపు మచ్చలన్నీ ఒకటేనా?

ఒక గాయం సన్నటి గీతగా మానిపోతే, మరొకటి ఎందుకు ఉబ్బుతుందని అడిగారు. గాయం చర్మం లోపలి పొరదాకా దిగినప్పుడు శరీరం కొల్లాజెన్ అనే ప్రొటీనుతో దాన్ని పూడుస్తుంది. ఆ పూడిక ఎక్కువైందా, తక్కువైందా అన్నదే మచ్చ రూపాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

తక్కువైతే గుంట పడుతుంది. మొటిమలు, ఆటలమ్మ మిగిల్చేవి ఎక్కువగా ఇవే.

ఎక్కువైనప్పుడే చిక్కు. ఉబ్బు మచ్చలు రెండు రకాలు, వీటిని చాలామంది ఒకటే అనుకుంటారు. హైపర్‌ట్రోఫిక్ మచ్చ ఎర్రగా, గట్టిగా లేచినా గాయం హద్దు దాటదు. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ కొంత అణగవచ్చు కూడా. కీలాయిడ్ అలా కాదు. చెవి కుట్టించుకున్న చోట సూది మొనంత రంధ్రం ఉంటుంది. కొన్ని నెలలకు అక్కడ నున్నటి గడ్డ మొదలై, రంధ్రాన్ని దాటి తమ్మె అంతా పాకుతుంది. దురద, నొప్పి ఉండవచ్చు. ఛాతీ, భుజాల మీద కూడా ఎక్కువగా వస్తుంది. దయచేసి దీన్ని కోయించేసుకుంటే పోతుందని అనుకోకండి. కోత ఒక్కటే చేస్తే తరచుగా మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ఇంకా పెద్దదిగా. అందుకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వంటివి కూడా జోడిస్తారు.

లోతైన కాలిన గాయాలు మానేటప్పుడు చర్మం బిగుసుకుపోతుంది. అది కీలు దగ్గరైతే వేళ్లో మోచేయో పూర్తిగా చాపలేరు. ఇందులో ఆలస్యం చేయకూడదు, వెంటనే వైద్యుడికి చూపించాలి.

మొటిమ తగ్గాక మిగిలే చదునైన నల్లమచ్చ మాత్రం అసలు ఈ కోవలోకి రాదు. అది రంగు మార్పే. ఎండ తగలకుండా చూసుకుంటే చాలావరకు నెమ్మదిగా తగ్గుతుంది.